పాత ల్యాప్‌టాప్‌ను ఇంట్లోనే బాగుచేసుకోవడం: తరచుగా అడిగే ప్రశ్నలు

ఇక్కడ ‘పాతది’ అంటే సుమారు 2008 నుంచి 2016 వరకు వచ్చిన ల్యాప్‌టాప్‌లు. వారంటీ ఎప్పుడో ముగిసి, ‘ఈ మోడల్‌కు పార్టులు రావడం లేదండీ’ అని సర్వీసు సెంటర్‌వాళ్లు తిప్పి పంపేసే వయసు వీటిది. ఉదాహరణ అవసరమైన చోట ఎక్కువగా 2012 నాటి లెనోవో థింక్‌ప్యాడ్ టీ430 పేరు వస్తుంది. ఆఫీసులు వదిలించుకున్న ఈ మోడల్ సెకండ్ హ్యాండ్ మార్కెట్లో చాలామంది చేతికి చేరింది. పైగా పాత యంత్రాల్లోని మంచీ చెడూ రెండూ దానిలోనే కనిపిస్తాయి.

ఇంట్లో చేసుకోగలిగిన పనులేవి? దుకాణానికి ఇవ్వక తప్పనివేవి?

ర్యామ్, హార్డ్ డిస్క్, బ్యాటరీ, కీబోర్డు, వై-ఫై కార్డు మార్చడం, ఫ్యాన్ శుభ్రం చేయడం, థర్మల్ పేస్ట్ (ప్రాసెసర్ వేడి బయటికి పోయేందుకు చిప్ మీద రాసే ముద్ద) వేయడం ఇంటి పనులు. స్క్రీన్ మార్చడం కూడా ఇంటి పనే, కాకపోతే ఓపిక కావాలి. చార్జింగ్ పిన్ విషయం మోడల్‌ను బట్టి ఉంటుంది. చిన్న వైరుతో విడిగా ఉంటే మీరే మార్చుకోవచ్చు, మదర్‌బోర్డుకే సోల్డరింగ్ చేసి ఉంటే దుకాణానికి తీసుకెళ్లాలి. మదర్‌బోర్డు మీద చిప్పుల జోలికి ఇంట్లో వెళ్లకండి.

అన్నిటికంటే కష్టమైనది విప్పడమేనా?

కాదు. కొత్తవాళ్ల భయమంతా విప్పడం గురించే ఉంటుంది కానీ, అది ఒక మధ్యాహ్నం పని. అసలు చిక్కు సరైన భాగాన్ని గుర్తించడంలో, గుర్తించాక దాన్ని సంపాదించడంలో ఉంది. ఒకే మోడల్ పేరుతో రెండు మూడు రకాల స్క్రీన్‌లు, రెండు రకాల ఫ్యాన్‌లు వచ్చిన సందర్భాలు మామూలే. గ్రాఫిక్స్ చిప్ విడిగా ఉన్న టీ430కి వేసే హీట్‌సింక్ (చిప్ వేడిని లాగేసే లోహపు భాగం), అది లేనిదానికి వేసే హీట్‌సింక్ ఒకటి కావు. ‘టీ430 ఫ్యాన్ ఇవ్వండి’ అని అడిగి తెచ్చుకుంటే తప్పుది వచ్చే అవకాశం బాగానే ఉంది.

అందుకే మోడల్ పేరుతో కాక, భాగం మీద ముద్రించిన పార్ట్ నంబరుతో వెతకాలి. ముందు విప్పండి, పాత భాగం మీది స్టిక్కర్‌ను ఫోనుతో ఫొటో తీయండి, తర్వాతే కొనండి. విప్పకుండా ఆర్డర్ పెట్టడం డబ్బు దండగ.

భాగం దొరికినా యంత్రం దాన్ని ఒప్పుకోకపోవచ్చు. టీ430లో కంపెనీ జాబితాలో లేని వై-ఫై కార్డు పెడితే, ఆన్ చేయగానే 1802 నంబరుతో ‘అనుమతి లేని నెట్‌వర్క్ కార్డు’ అని చూపించి అక్కడే ఆగిపోతుంది. కార్డు మంచిదే, స్లాటూ సరిపోయిందే, అయినా బయాస్ (ఆన్ చేయగానే ముందుగా నడిచే, మదర్‌బోర్డులోని ప్రోగ్రాము) వద్దంటుంది. బ్యాటరీతోనూ ఇదే పేచీ. అసలుది కాదని గుర్తిస్తే చార్జ్ చేయనని ముఖం మీదే చెప్పేస్తుంది. యంత్రం కొనుక్కున్నది మనం, దానిలో ఏ కార్డు ఉండాలో తేల్చేది మాత్రం కంపెనీ. నాకు ఇప్పటికీ మింగుడుపడని సంగతి ఇది.

ఏ పనిముట్లు ఉండాలి?

మంచి ఉక్కుతో చేసిన ఒక సన్నని స్టార్ స్క్రూడ్రైవర్, అంటే పీహెచ్0 సైజుది. దానికి తోడు ఒక పీహెచ్1. గిటార్ మీటే ప్లాస్టిక్ పిక్, లేదంటే పాత ఏటీఎం కార్డు. పట్టకారు, పెయింట్ బ్రష్షు, చిన్న మల్టీమీటర్. ముప్పై ముక్కల సెట్టు అని అమ్మేవాటిలో చాలావరకు మెత్తటి ఇనుమే. వాటితో తిప్పితే స్క్రూ తల అరిగిపోతుంది. తల అరిగిన స్క్రూ తీయడం మొత్తం రిపేరు కంటే పెద్ద పని. ఖర్చుపెట్టేదేదో ఆ ఒక్క స్క్రూడ్రైవర్ మీద పెట్టండి.

ఆపిల్ ల్యాప్‌టాప్‌లయితే అడుగు మూతకు ఐదు రేకుల పెంటలోబ్ స్క్రూలు ఉండవచ్చు. చాలా మ్యాక్‌బుక్ ఎయిర్‌లలో, రెటీనా మోడళ్లలో ఇవే. వాటికి వేరే బిట్ కావాలి.

విప్పేటప్పుడు ఎక్కువగా ఏవి విరుగుతాయి?

మూడు. ప్లాస్టిక్ కొక్కేలు, రిబ్బన్ కేబుల్ లాకులు, వై-ఫై యాంటెన్నా వైర్ల చివరి బొడిపెలు.

వీటిలో రిబ్బన్ లాకు సంగతి కాస్త వివరంగా చెప్పాలి. కీబోర్డు నుంచి, టచ్‌ప్యాడ్ నుంచి వచ్చే పల్చటి పట్టీ మదర్‌బోర్డు మీద ఒక సన్నని కనెక్టర్‌లోకి దూరి ఉంటుంది. ఆ కనెక్టర్‌కు నలుపో గోధుమో రంగులో, గోరంత మందం కూడా లేని రెక్క ఒకటి ఉంటుంది. కొన్నింటిలో ఆ రెక్కను గోటితో పైకి లేపాలి, కొన్నింటిలో రెండు చివరలా పట్టి ఒక మిల్లీమీటరు వెనక్కి జరపాలి. ఏ రకమో చూసుకోకుండా పట్టీని లాగితే రెక్క విరుగుతుంది, లేదంటే పట్టీ చివరి బంగారు రంగు గీతలు చిరుగుతాయి. పదేళ్ల వేడికి ఆ ప్లాస్టిక్ పెళుసుబారి ఉంటుంది కాబట్టి కొత్త యంత్రాల వీడియోల్లో చూపించినంత తేలిగ్గా కదలదు. బ్యాటరీ లైటు దగ్గరగా పెట్టి, రెక్క ఎటు తెరుచుకుంటుందో కళ్లతో చూశాకే ముట్టుకోండి. తిరిగి పెట్టేటప్పుడు పట్టీ మీది గీత కనెక్టర్ అంచుకు సమాంతరంగా ఉండాలి. ఒక వైపు వెంట్రుకవాసి వాలినా కీబోర్డులో సగం అక్షరాలు పలకవు.

కొక్కేలు విప్పుతున్నప్పుడు ‘టక్’మనే చప్పుడు మామూలే. ‘పెళ్’మంటే మాత్రం ఆగండి. ఎక్కడో ఒక స్క్రూ మిగిలిపోయి ఉంటుంది. రబ్బరు బిళ్లల కింద, స్టిక్కర్ల కింద, డీవీడీ డ్రైవ్ తీస్తే బయటపడే గూట్లో వెతకండి.

స్క్రూలన్నీ ఒకేలా కనిపిస్తున్నాయి. ఏది ఎక్కడిదో ఎలా గుర్తుపెట్టుకోవాలి?

ఒక అట్టముక్క మీద ల్యాప్‌టాప్ ఆకారం గీసి, ఏ స్క్రూ ఎక్కడ తీశారో అక్కడే గుచ్చేయండి. ఇది చాదస్తం కాదు. పొట్టి స్క్రూ చోట పొడుగుది బిగిస్తే అది మదర్‌బోర్డును గుచ్చుకోవచ్చు, పైమూతకు బొడిపె తేలవచ్చు.

అసలు ఆన్ కావడం లేదు. మదర్‌బోర్డు పోయినట్టేనా?

దుకాణంలో మొదట వినిపించే మాట అదే, కానీ అంత త్వరగా నమ్మనక్కర్లేదు. చార్జర్ పీకండి, బ్యాటరీ తీయండి, పవర్ బటన్‌ను అర నిమిషం నొక్కి పట్టుకోండి. తర్వాత బ్యాటరీ లేకుండా చార్జర్ ఒక్కటే పెట్టి చూడండి. చాలా యంత్రాలు ఇంతమాత్రానికే లేచి కూర్చుంటాయి.

లైటు వెలిగి తెర నల్లగానే ఉంటే ర్యామ్ తీసి, బంగారు రంగు కాళ్లను పెన్సిల్ రబ్బరుతో మెల్లగా రుద్ది, పొట్టు దులిపి మళ్లీ పెట్టండి. మన మెకానిక్‌లందరూ చేసే పని ఇదే. ఆ కాళ్ల మీద పేరుకున్న మకిలి పోతే స్పర్శ మళ్లీ కుదురుతుంది. రెండు ర్యామ్‌లుంటే ఒక్కొక్కటే, రెండు స్లాట్లలోనూ మార్చి మార్చి చూడాలి. ఒక లైటూ వెలగకపోతే మల్టీమీటర్‌తో చార్జర్ వోల్టేజీ చూడండి. ఇవన్నీ అయ్యాక కూడా చలనం లేకపోతే అప్పుడు మదర్‌బోర్డును అనుమానించండి.

బాగా నెమ్మదించింది. ర్యామ్ పెంచాలా, ఎస్‌ఎస్‌డీ వేయాలా?

ఒక్కదానికే డబ్బుంటే ఎస్‌ఎస్‌డీ, అంటే తిరిగే పళ్లెం లేకుండా చిప్పుల్లోనే దాచుకునే డిస్క్. ఇందులో నాకు రెండో మాట లేదు. ఆ కాలం హార్డ్ డిస్క్‌లు సెకనుకు సుమారు 100 మెగాబైట్లు చదివితే, సాటా (డిస్క్‌ను మదర్‌బోర్డుకు కలిపే మార్గం) ఎస్‌ఎస్‌డీ 500కు పైగా చదువుతుంది. 2010కి ముందరి యంత్రాల్లో సాటా 2 మాత్రమే ఉంటే ఆ వేగం సగానికి తగ్గుతుంది, అయినా తేడా స్పష్టంగా తెలుస్తుంది. ఎందుకంటే అసలు లాభం ఆ పెద్ద అంకెలో లేదు, చెల్లాచెదురుగా ఉన్న చిన్న చిన్న ఫైళ్లను వెతికి పట్టుకోవడంలో ఉంది.

టీ430లో పక్కనున్న చిన్న మూత స్క్రూ ఒక్కటి వదులు చేస్తే డిస్క్ బయటికి వచ్చేస్తుంది. కొన్నింటిలో మందం తేడా వస్తుంది. ఎస్‌ఎస్‌డీ 7 మిల్లీమీటర్లు, పాత గూడు 9.5 ఉంటే లోపల లొడలొడలాడుతుంది, చిన్న ప్లాస్టిక్ చట్రం పెడితే సరిపోతుంది. డీవీడీ డ్రైవ్ తీసేసి ఆ గూట్లో పాత డిస్క్ పెట్టుకోవడానికి క్యాడీలు దొరుకుతాయి. అవి 12.7, 9.5 మిల్లీమీటర్ల మందాల్లో వస్తాయి కాబట్టి కొలిచి కొనండి.

ర్యామ్ ఏ రకం కొనాలి?

డీడీఆర్2 ర్యామ్‌కు 200 కాళ్లు, డీడీఆర్3కు 204, డీడీఆర్4కు 260. గాడి కూడా వేర్వేరు చోట్ల ఉంటుంది కాబట్టి ఒకదాని స్లాట్‌లో ఇంకొకటి దూరదు. బోల్తా పడేది డీడీఆర్3, డీడీఆర్3ఎల్ దగ్గర. రెండూ ఒకేలా ఉంటాయి, ఒకే స్లాట్‌లో పడతాయి. మొదటిది 1.5 వోల్టులది, రెండోది 1.35 వోల్టులతోనూ నడుస్తుంది. ఇంటెల్ నాలుగో తరం ల్యాప్‌టాప్‌లకు డీడీఆర్3ఎల్ తప్పనిసరి. అందుకని సందేహం ఉంటే ‘ఎల్’ ఉన్నదే కొనండి, అది సాధారణంగా రెండింటిలోనూ పనిచేస్తుంది. 32 బిట్ విండోస్ ఉంటే మాత్రం 8 జీబీ వేసినా అది 4 జీబీని మించి వాడుకోలేదు.

కాసేపటికే వేడెక్కి ఆగిపోతోంది.

ఎండాకాలంలో విజయవాడలోనో రామగుండంలోనో గది ఉష్ణోగ్రతే 40 డిగ్రీలు దాటుతుంటే, హీట్‌సింక్ వేడిని ఎక్కడికి తోలాలి? దానికి తోడు పరుపు మీద పెట్టుకుని వాడితే గాలి వచ్చే దారే మూసుకుపోతుంది. ప్రాసెసర్ 100 డిగ్రీలకు దగ్గర పడగానే తన వేగాన్ని తానే తగ్గించుకుంటుంది, అదీ చాలకపోతే ఆపేసుకుంటుంది.

మూత తీసి చూస్తే ఫ్యాన్ రెక్కలు శుభ్రంగానే కనిపిస్తాయి. మోసపోకండి. దుమ్మంతా ఫ్యాన్‌కూ రాగి రేకులకూ మధ్య చేరి ఉంటుంది. ఫ్యాన్ స్క్రూలు తీసి పక్కకు జరిపితే, అక్కడ ఉన్ని గుడ్డలా మందంగా పేరుకున్న దుమ్ము ఒకే పొరగా ఊడి వస్తుంది. బయటి నుంచి బ్లోయర్‌తో గాలి కొడితే ఆ పొర కాస్త కదిలి మళ్లీ అక్కడే ఇరుక్కుంటుంది. కొట్టక తప్పకపోతే ఫ్యాన్ రెక్కల మధ్య పుల్ల పెట్టి తిరగకుండా ఆపండి. మితిమీరిన వేగంతో తిరిగితే బేరింగ్ పాడవుతుంది.

థర్మల్ పేస్ట్ ఇన్నేళ్లకు ఎండి సున్నంలా మారి ఉంటుంది. ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి, చిప్ మధ్యలో బియ్యపు గింజంత కొత్త పేస్ట్ పెట్టి, హీట్‌సింక్ మీద ముద్రించిన అంకెల వరుసలోనే స్క్రూలు బిగించాలి. పక్క చిప్పుల మీద గమ్ లాంటి మెత్తటి ప్యాడ్‌లుంటే వాటి చోట పేస్ట్ రాయకండి. అక్కడ ఉన్న సందును పేస్ట్ పూడ్చలేదు.

బ్యాటరీ అరగంట కూడా రావడం లేదు. ఎలాంటిది కొనాలి?

ముందు లెక్క చూడండి. విండోస్ ఇచ్చే బ్యాటరీ రిపోర్టులో తయారైనప్పటి సామర్థ్యం, ఇప్పటి సామర్థ్యం పక్కపక్కన ఉంటాయి. రెండోది మొదటిదానిలో మూడో వంతుకు పడిపోయి ఉంటే మార్చాల్సిందే.

పదేళ్ల నాటి మోడల్‌కు ‘కొత్త ఒరిజినల్ బ్యాటరీ’ అని ఎవరైనా అంటే తయారీ తేదీ అడగండి. పెట్టె విప్పకపోయినా లిథియం సెల్స్ ముసలివవుతాయి. పదేళ్ల క్రితం తయారై గోదాములో మగ్గినది ఒరిజినలే అయినా కొత్తది కాదు. పేరున్న డూప్లికేట్, ఈ మధ్య తయారైనది, రాతపూర్వక గ్యారంటీతో ఇస్తే నేను దానికే ఓటేస్తాను. టీ430 లాంటి పేచీకోర్లకు మాత్రం, కొనేముందు ‘ఇందులో చార్జ్ అవుతుందా’ అని ఖాయం చేసుకోండి. బ్యాటరీ పెట్టె పగలగొట్టి లోపల సెల్స్ మార్చే వీడియోలను చూసి ఆ పనికి దిగకండి. లోపల ఆరేసి సెల్స్ కలిసి ఉంటాయి, ఒక్క చోట షార్ట్ అయితే మంటే.

టచ్‌ప్యాడ్ ఉబ్బి పైకి లేచింది. నొక్కితే పడడం లేదు.

పాడైంది టచ్‌ప్యాడ్ కాకపోవచ్చు, కింద బ్యాటరీ ఉబ్బి ఉండవచ్చు. వెంటనే చార్జర్ తీసి యంత్రం ఆపేయండి. బ్యాటరీని నొక్కవద్దు, గుచ్చవద్దు, గాలి తీసేద్దామని అసలే అనుకోవద్దు. తేలిగ్గా ఊడి వచ్చేదైతే తీసి, మండే వస్తువులకు దూరంగా ఇసుక పోసిన ఇనుప డబ్బాలో ఉంచి, ఈ-వ్యర్థాలు తీసుకునే కేంద్రానికి అప్పగించండి. జిగురుతో అతికించిన రకమైతే దుకాణానికే వదిలేయండి.

చార్జర్ పెట్టినా ‘చార్జ్ కావడం లేదు’ అంటోంది.

డెల్ అయితే ముందు చార్జర్‌ను అనుమానించండి. ఆ పిన్ మధ్యలో ఉన్న సన్నని సూది కరెంటు కోసం కాదు, ‘నేను ఇన్ని వాట్ల అసలు చార్జర్‌ను’ అని ల్యాప్‌టాప్‌కు చెప్పుకోవడానికి. సూది వంగినా, వైరు లోపల తెగినా ల్యాప్‌టాప్ నడుస్తుంది కానీ బ్యాటరీ ఎక్కదు, వేగం కూడా తగ్గిపోతుంది. బ్యాటరీ మార్చి, చార్జింగ్ పిన్ మార్చి, చివరికి చార్జర్‌దే తప్పని తెలుసుకునేవాళ్లు చాలామంది.

వేరే చార్జర్ వాడాలంటే వోల్టేజీ సరిపోవాలి, ఆంపియర్లు సమానంగానో ఎక్కువగానో ఉండాలి. తక్కువ పనికిరాదు.

మూత తెరిస్తే పక్కన ప్లాస్టిక్ విచ్చుకుంటోంది.

హింజ్ (మూత తిరిగే కీలు) జబ్బు. ఇన్నేళ్లలో హింజ్ బిగుసుకుపోతుంది, అది పట్టి ఉంచే ఇత్తడి నట్లు ప్లాస్టిక్ నుంచి ఊడి వస్తాయి. మూత తెరిచిన ప్రతిసారీ ఆ బలమంతా ప్లాస్టిక్ మీద పడుతుంది. ముందు హింజ్ నట్టును పావు చుట్టు వదులు చేయాలి. ఆ పని చేయకుండా ఎంత అతికించినా పదిరోజుల్లో మళ్లీ ఊడుతుంది. తర్వాత ఇత్తడి నట్లను వాటి గుంతల్లో తిరిగి కూర్చోబెట్టి, చుట్టూ రెండు ట్యూబులు కలిపే ఎపాక్సీ జిగురు వేసి, ఒక రోజంతా కదపకుండా ఉంచాలి. నట్టు మరల్లోకి జిగురు పోకుండా స్క్రూకు కాస్త గ్రీజు రాసి బిగించి ఉంచండి. ఫెవిక్విక్ ఈ పనికి రాదు, పెళుసుగా గట్టిపడి మొదటి కుదుపుకే పగులుతుంది.

తెర చీకటిగా ఉంది. స్క్రీన్ మార్చాలా?

చీకటి గదిలో టార్చి ఏటవాలుగా వేసి చూడండి. బొమ్మ మసకగా కనిపిస్తే పోయింది వెనక వెలుగు మాత్రమే. టీవీకో మానిటర్‌కో కలిపి చూడండి. అక్కడా చెత్తగా వస్తే స్క్రీన్‌ది తప్పు కాదు. మూత కదిపినప్పుడు గీతలు వచ్చిపోతుంటే స్క్రీన్ కేబుల్ చూడాలి, అది తక్కువ ఖర్చుతో పోతుంది.

మార్చాల్సివస్తే సైజు ఒకటే చాలదు. పాతవాటిలో 40 పిన్నుల ఎల్‌వీడీఎస్ కనెక్టర్, తర్వాతివాటిలో 30 పిన్నుల ఈడీపీ కనెక్టర్, రెండూ 15.6 అంగుళాల్లోనే ఉన్నాయి. పాత స్క్రీన్ వెనకున్న నంబరే ప్రమాణం.

కీబోర్డు మీద టీ పడింది. బియ్యంలో పెట్టమంటున్నారు.

బియ్యం అన్నానికి వాడుకోండి. చార్జర్ పీకి, బ్యాటరీ తీసి, యంత్రాన్ని డేరాలా బోర్లించండి. పాలూ చక్కెరా ఉన్న టీ ఆరిపోయినా జిగటగా మిగిలి, తేమ పట్టి, రాగి దారులను తినేస్తుంది. కాబట్టి ఆరబెట్టడం సరిపోదు, విప్పి ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో కడగాలి. ‘ఒకసారి ఆన్ చేసి చూద్దాం’ అనే తొందరే ఎక్కువ యంత్రాలను చంపుతుంది.

హీట్ గన్‌తో వేడి చేస్తే, లేదా రీబాలింగ్ చేయిస్తే బాగవుతుందా?

ఈ నమ్మకం వెనక ఒక చరిత్ర ఉంది. 2006–08 కాలంలో వచ్చిన కొన్ని ఎన్‌విడియా ల్యాప్‌టాప్ చిప్పులు లోపంతో వచ్చాయి. 2008 జులైలో ఆ కంపెనీయే వారంటీ ఖర్చుల కోసం 15 నుంచి 20 కోట్ల డాలర్లు పక్కన పెడుతున్నట్టు ప్రకటించింది. పగుళ్లు వచ్చింది చిప్ లోపల, సిలికాన్ ముక్కను దాని పీఠానికి కలిపే సూక్ష్మమైన టంకపు బిందువుల్లో. వేడి చేసినప్పుడు అవి కాస్త అతుక్కుని ల్యాప్‌టాప్ కొన్నాళ్లు నడిచేది. రీబాలింగ్‌లో మార్చేది చిప్‌కూ మదర్‌బోర్డుకూ మధ్య ఉన్న బంతులను. జబ్బు ఉన్నది ఇంకో అంతస్తులో. కాబట్టి అలాంటి చిప్‌కు రీబాలింగ్ చేయించినా అదే చిప్ అదే జబ్బుతో తిరిగొస్తుంది. వంటింటి ఒవెన్‌లో మదర్‌బోర్డు పెట్టడం గురించి అడిగేవాళ్లకు: ఆ ఒవెన్‌లో తర్వాత కేకు చేసుకుంటారా?

ఆన్ చేసిన ప్రతిసారీ తేదీ వెనక్కి పోతోంది, వెబ్‌సైట్‌లు ‘సురక్షితం కాదు’ అంటున్నాయి.

లోపలి బిళ్ల బ్యాటరీ అయిపోయింది. చాలావాటిలో సీఆర్2032. కొన్నింటిలో వైరుతో, ప్లగ్గుతో వస్తుంది, అలాంటిదే తెచ్చుకోండి. బిళ్లకు నేరుగా సోల్డరింగ్ చేయకండి.

విండోస్ 10 గడువు ముగిసింది. ఇంత రిపేరు చేసి ఏం లాభం?

న్యాయమైన ప్రశ్నే. 2025 అక్టోబరు 14తో విండోస్ 10కు ఉచిత మద్దతు ఆగింది. విండోస్ 11కు టీపీఎం 2.0 (భద్రత కోసం ఉండే చిప్), ఇంటెల్ అయితే దాదాపు ఎనిమిదో తరం ప్రాసెసర్ కావాలి. ఆ తరం వచ్చిందే 2017లో. అంటే ఈ పేజీలో చెప్పుకుంటున్న ల్యాప్‌టాప్‌లన్నీ గీతకు అవతలే.

బ్రౌజింగ్, పిల్లల చదువు, ఉత్తరాలు, సినిమాలు చాలనుకుంటే విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ మింట్ వేసుకోండి. తెలుగు ఇన్‌స్క్రిప్ట్ కీబోర్డు అందులోనూ ఉంది. కానీ డీటీపీ పనిచేసేవాళ్లకు ఈ సలహా ఇవ్వలేను. పేజ్‌మేకర్‌లో అను ఫాంట్లతో ఏళ్లుగా పెళ్లి శుభలేఖలు, కరపత్రాలు చేస్తున్నవాళ్ల దస్త్రాలన్నీ విండోస్‌కు ముడిపడి ఉన్నాయి. వాళ్లకు పాత విండోసే మేలు, కాకపోతే ఆ యంత్రాన్ని ఇంటర్నెట్‌కు దూరంగా ఉంచి, బ్యాంకు పనులు వేరే దానిలో చేసుకోవాలి.

విడిభాగాలు ఎక్కడ దొరుకుతాయి? మాన్యువల్ ఉంటుందా?

సికింద్రాబాద్ పార్క్‌లేన్‌లోని చెనాయ్ ట్రేడ్ సెంటర్, అందరూ సీటీసీ అనేది, తెలుగువాళ్లకు మొదటి మజిలీ. చెన్నైలో రిచీ స్ట్రీట్, బెంగళూరులో ఎస్పీ రోడ్డు ఉన్నాయి. పాత భాగం చేతిలో పట్టుకుని వెళ్లండి, మోడల్ పేరు ఒక్కటే చెబితే ‘సరిపోతుందండీ’ అనే మాటే వినిపిస్తుంది. అదే మోడల్‌ది చచ్చిన ల్యాప్‌టాప్ మొత్తంగా దొరికితే ఇంకా మంచిది. హింజ్‌లు, కీబోర్డు, స్క్రూలతో సహా అన్నీ సరిపోతాయి.

లెనోవో, డెల్, హెచ్‌పీల వ్యాపార మోడళ్లకు విప్పే వరుసతో సహా సర్వీసు మాన్యువల్‌లు కంపెనీ వెబ్‌సైట్లలోనే ఉచితంగా ఉన్నాయి. ఏ స్క్రూ పొడవెంతో కూడా రాసి ఉంటుంది. 2022 డిసెంబరులో కేంద్ర వినియోగదారుల వ్యవహారాల శాఖ ‘రైట్ టు రిపేర్’ పోర్టల్ ప్రారంభించింది. అక్కడ కంపెనీల సర్వీసు సమాచారం ఒకచోట కనిపిస్తుంది. మీ పాత మోడల్ గురించి మాత్రం కంపెనీ మాన్యువల్లోనే ఎక్కువ దొరుకుతుంది.

ఇక వదిలేయాలని ఎప్పుడు అనుకోవాలి?

అదే మోడల్ నడిచే స్థితిలో సెకండ్ హ్యాండ్‌లో ఎంతకు వస్తుందో కనుక్కోండి. రిపేరు ఖర్చు అందులో సగం దాటితే నేనైతే ఆపేస్తాను. మదర్‌బోర్డు, స్క్రీన్ రెండూ పోతే ఆ లెక్క కూడా అక్కర్లేదు.

పారేసేముందు డిస్క్ తీసి దగ్గర పెట్టుకోండి. చిన్న యూఎస్‌బీ పెట్టెలో వేస్తే ఫొటోలన్నీ వస్తాయి. ర్యామ్, చార్జర్, స్క్రీన్, కీబోర్డులకు కొనేవాళ్లున్నారు. మిగిలిన డొక్కును పాత ఇనుము బండికి వేయకుండా, 2023 ఏప్రిల్ నుంచి అమలులో ఉన్న ఈ-వ్యర్థాల నిబంధనల ప్రకారం నమోదైన రీసైక్లర్‌కు ఇవ్వండి, బ్యాటరీని మాత్రం విడిగా తీసి, దాని కాళ్ల మీద టేపు అంటించి.